అక్షింతల పురుగు నడిచిన దారి

ఆదివారం పొద్దున మా పెదనాన్న గణేశ్వరరావు చెప్పులు విడవకుండా కాళమ్మత్త వంగ మళ్ళలోకి దిగి, ఒక మొక్కను కాలితో తన్నాడు. మొక్క వేర్లతో సహా పక్కకు ఒరిగింది. దాని ఆకులు అప్పటికే జల్లెడల్లా ఉన్నాయి. ఈనెలు మిగిలాయి, పచ్చదనం పోయింది. అయినా కొమ్మకు రెండు కాయలు వేలాడుతున్నాయి. కాళమ్మత్త ఆ కాయల వైపే చూసింది. పెదనాన్న మొహం వైపు చూడలేదు.

"చూడండి, అందరూ చూడండి!" పెదనాన్న కంచె అవతల నిలబడ్డవాళ్ళను పిలిచాడు. "వీధిలో ఏ పెరడు చూసినా ఈ పురుగే. దాని పుట్టిల్లు ఇదిగో, ఇక్కడ. చేపల కుళ్ళు తెచ్చి మొక్కల మొదట్లో పోస్తే పురుగు పట్టక ఏమవుద్ది?"

"చేప నీళ్ళు మొదట్నించీ పోస్తన్నాను గదా బాబూ," అంది కాళమ్మత్త. "అప్పుడు నేని పురుగు ఇప్పుడెలగొచ్చీసింది?"

"నాకు ఎదురు చెప్పకు. మేం ఇక్కడ పుట్టినోళ్ళం. ఈ నేల సంగతి మాకు తెలుసు. మీరు నిన్నగాక మొన్న ఓడ దిగారు. వచ్చే ఆదివారానికి అన్నీ పీకేసి జాగా ఖాళీ చెయ్యి. బస్, ఖతమ్."

పెదనాన్న ఈ ద్వీపంలో, మా ప్రోతరాపూర్‌లో తెలుగువాళ్ళకు పెద్ద. రేషన్ కార్డు పని ఉన్నా, ఆసుపత్రిలో బెడ్డు కావలసినా అందరూ ఆయన దగ్గరికే వస్తారు. అందుకని ఆయన ఏం తన్నినా ఎవరూ అడగరు.

ఆ జాగా మా ఇంటి వెనకదే. ముళ్ళపొదలు పెరిగి పాములు తిరుగుతుంటే కాళమ్మత్త కొట్టి, తవ్వి, వంగ వేసింది. మాకు కూరలు ఇస్తుంది, మిగిలినవి రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి అమ్ముకుంటుంది. ఆమె భర్త అప్పలరాముడు మావయ్య డింగీ పడవ మీద వేటకు పోతాడు. వానాకాలంలో సముద్రం మీదికి వెళ్ళనివ్వరు. ఆ రోజుల్లో వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది ఈ మళ్ళ వల్లనే. జాగా పోతే వాళ్ళు తిరిగి శ్రీకాకుళం వైపు ఓడ ఎక్కాల్సిందే. ఈ సంగతి పెదనాన్నకు తెలుసు. తెలిసే తన్నాడు.

వాళ్ళ అమ్మాయి బేబీరాణి నాతోపాటే చదువుతుంది. నీళ్ళ బకెట్టు పట్టుకుని మడి గట్టు మీద నిలబడి నన్నే చూస్తోంది. మాట్లాడవేం, అన్నట్టు చూస్తోంది. నేను మాట్లాడలేదు. క్లాసులో హాజరు పిలిచినప్పుడు నేను చెప్పే 'ప్రెజెంట్' టీచరుకే వినపడదు. కోపం వస్తే అసలు గొంతే రాదు. చెవులు వేడెక్కుతాయి, అంతే. ఆ రోజు నా చెవులు కాలిపోయాయి.

ఎందుకంటే ఆ పురుగు సంగతి ఆ వీధిలో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు.

దాన్ని మా పెరట్లో మొదట చూసినప్పుడు ఇంట్లో అందరూ సంతోషించారు. గుండ్రంగా, వీపు మీద నల్ల చుక్కలతో ఉంది. అక్షింతల పురుగు. రైతుకు మిత్రుడు, పేనుబంకను తింటుంది అని మా పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. సైన్సు సారు కూడా చంపొద్దన్నారు. మా నాయనమ్మ యర్రమ్మ అయితే అది చేతి మీద వాలితే శుభం అంటుంది. అందుకని అందరం దాన్ని వదిలేశాం. అది వంగ ఆకుల్ని గీకి గీకి తినేసింది.

తినేది ఇది కాదు, రాత్రిపూట ఇంకేదో వచ్చి తింటోందని అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. చిక్కుడు పాదు మీద మాకు ఎప్పటినుంచో ఉన్న అక్షింతల పురుగు ఎర్రగా, అద్దంలా మెరుస్తుంది. వంగ మీద ఉన్నది మెరవదు. ఇటుక రంగులో మాసినట్టు ఉంటుంది. దగ్గరగా చూస్తే వీపు మీద సన్నటి నూగు కనిపిస్తుంది. చుక్కలు కూడా చాలా ఎక్కువ. దాని పిల్లలు పసుపు రంగులో, ఒళ్ళంతా కొమ్మలు కొమ్మలుగా ముళ్ళతో ఉంటాయి.

రెండు ఖాళీ సీసాలు తీసుకుని ఒక్కో దాంట్లో ఒక్కో రకం పురుగును వేశాను. రెండింట్లోనూ ఒక వంగ ఆకు, పేనుబంక పట్టిన ఒక చిక్కుడు తీగ ముక్క పెట్టాను. మర్నాటికి మెరిసే పురుగు పేనుబంకను శుభ్రంగా తినేసింది, వంగ ఆకును ముట్టుకోలేదు. మాసిన పురుగు వంగ ఆకును వలలా చేసి, పేనుబంకను అలాగే వదిలేసింది.

సీసాలు బేబీరాణికి చూపించాను. ఇంట్లో చూపిస్తే నాన్న "చదువుకో" అన్నాడు. పెదనాన్నకు చూపిస్తే సీసా అటూ ఇటూ తిప్పి, "మంచి హార్లిక్స్ సీసా పాడుచేశావు కదే," అని నవ్వాడు.

ఆదివారం ఆ మొక్క పడిపోయాక నేను ఇంట్లోకి వెళ్ళి నాన్న ఫోన్ తీసుకున్నాను. వ్యవసాయ ఆఫీసు నుంచి టొప్పో మేడమ్ ఒకసారి మా బడికి వచ్చి, కొత్త పురుగు ఏది కనిపించినా ఫోటో పంపమని బోర్డు మీద నంబరు రాసింది. మాట్లాడక్కర్లేదు, ఫోటో పంపితే చాలు. అది నాకు చేతనవుతుంది. రెండు సీసాలు, ఆకులు, ముళ్ళ పిల్లలు, అన్నీ పంపాను.

సాయంత్రానికి ఆమే ఫోన్ చేసింది. నేను హలో అనేలోపే హిందీలో గబగబా మాట్లాడింది. ఇది కూడా లేడీబర్డ్ జాతిదే, కానీ ఆకు తినే రకం. మెయిన్‌లాండ్‌లో వంగకు, టమాటాకు పడుతుంది. ఈ రకాన్ని తను ఈ వైపు ఎప్పుడూ చూడలేదు. ఎక్కడో దిగింది. ఎక్కడ దిగిందో, ఎంత దూరం పోయిందో తెలిస్తే ఇప్పుడే ఆపొచ్చు, లేకపోతే ద్వీపమంతా పాకుతుంది.

"వచ్చే సండే నేనే వస్తాను. ఈలోపు ఏ ఏ ఇళ్ళలో ఉందో, ఏ ఏ ఇళ్ళలో లేదో చూస్తావా బేటా? లేని ఇళ్ళు కూడా ముఖ్యమే," అంది.

ఇంటింటికీ వెళ్ళి మాట్లాడాలి. అయినా "జీ మేడమ్" అన్నాను. పెదనాన్న చెప్పు కాలు కళ్ళముందు ఉంది మరి.

సోమవారం బడి వదిలాక బేబీరాణి దగ్గరికి వెళ్ళాను. మొహం తిప్పుకుంది.

"ఏటి ఒచ్చినావు? ఇంకో మొక్క తన్నడానికా?"

విషయం చెప్పాను. అంతా విని, జడ వెనక్కి విసిరి లేచింది.

"అయితే పద. నువ్వు సూడు, నాను మాటాడతాను. నీతో అయితే గుమ్మం కాడే తెల్లారిపోద్ది."

మొదట కాళమ్మత్త మళ్ళకు ఆనుకున్న బెంగాలీ బిశ్వాస్ కాకు పెరడు. మధ్యలో వెదురు కంచె ఒక్కటే అడ్డం. పురుగు కాళమ్మత్త దగ్గరే పుట్టి ఉంటే ముందు ఆయన వంగే పోవాలి. కంచె పక్కనున్న మొక్కలకు మాత్రం నాలుగు ఆకులు గీకినట్టు ఉన్నాయి. లోపలివన్నీ నిగనిగలాడుతున్నాయి. బిశ్వాస్ కాకు మమ్మల్ని అనుమానంగా చూసి, "కాయలు కోయడానికి వచ్చారా?" అన్నాడు హిందీలో.

"పురుగులు కోయడానికి వచ్చాం కాకూ," అంది బేబీరాణి.

ఆ పక్క తమిళవాళ్ళ ఇల్లు. పురుగు లేదు. దాని తర్వాత రాంచీవాళ్ళ ఇల్లు, పెద్ద వంగ మడి ఉంది, పురుగు లేదు. అది దాటాక గురువమ్మ గారి ఇల్లు. అక్కడ ఆకన్నది లేదు, పుల్లలు మిగిలాయి.

"మీ అమ్మ తోటలోంచి వచ్చిందే ఇది," అంది గురువమ్మ గారు బేబీరాణితో. "గణేశ్వరరావు బాబు చెప్పాడు."

"అవునండి, మా అమ్మే దానికి దారి చెప్పి పంపింది. మధ్యలో మూడిళ్ళలో దిగొద్దు, తిన్నగా గురువమ్మ గారింటికే పో అంది."

గురువమ్మ గారు చీపురు తీసింది. మేం పరుగెత్తాం.

రోజూ బడి నుంచి రాగానే తిరిగాం. రోడ్డు చివర అప్పయ్య తాత ఇంట్లో పురుగు ఉంది. ఆయన ఇంటికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళలో లేదు. గుడి వెనక అసిరయ్య గారింట్లో ఉంది. చుట్టుపక్కల లేదు. నేను చూసి, ఫోటో తీసి, ఉందనో లేదనో మేడమ్‌కు పంపుతున్నాను. ఒక పక్కనుంచి మొదలై పక్కింటికి, ఆ పక్కింటికి పాకితే నాకు అర్థమయ్యేది. ఇది ఒక ఇల్లు తిని, పది ఇళ్ళు వదిలేసి, ఇంకో ఇంటికి పోతోంది.

గట్టు మీద కూర్చుని కాళ్ళు దులుపుకుంటూ బేబీరాణి అంది, "దీనికి కులగోత్రాల పట్టింపేటైనా ఉందేటే? ఏరుకోని తెలుగోళ్ళ ఇళ్ళే తింటంది."

నేను నవ్వలేదు. ఆ మాట నన్ను పట్టుకుంది.

ఆ సాయంత్రమే మా పద్మిని అత్త వీడియో కాల్ చేసింది. ఆమె నాన్నకు చెల్లెలు. పోర్ట్ బ్లెయిర్‌లో మిడిల్ పాయింట్ దగ్గర ఒక అపార్టుమెంటులో ఉంటుంది. కింద అన్నీ షాపులు, ఆఫీసులు. కనుచూపు మేర ఒక్క మడి లేదు.

"అమ్మా, చూడు. నీ వంగ మొక్కలకు ఏదో తెగులొచ్చింది," అంటూ ఫోన్ టెర్రస్ మీది కుండీల వైపు తిప్పింది.

ఆకులు వలల్లా ఉన్నాయి. ఒక దాని మీద మాసిన ఇటుక రంగు చుక్కల పురుగు తీరిగ్గా నడుస్తోంది.

నాయనమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. "అత్తా, ఆ మొక్కలు ఎక్కడివి?"

"ఎక్కడివేమిటే? మీ పెదనాన్న ఊరి నుంచి తెచ్చిన నారే కదా. అమ్మ ఇచ్చింది."

పురుగు గాలి వాటున పోలేదు, కంచెలు దాటి పోలేదు. మా చుట్టరికం ఎటు పోయిందో అటు పోయింది.

నాయనమ్మ పెళ్ళయి ఓడ ఎక్కినప్పుడు నాకంటే చిన్నది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు. మా వాళ్ళలో ఒక అలవాటు ఉంది. ఎవరు ఊరు వెళ్ళి వచ్చినా, ప్రాణం ఉన్నది ఏదో ఒకటి తేవాలి. కరివేప పిలక, మల్లె అంటు, తమలపాకు తీగ. పెట్టెలో చీరలు తెచ్చినా ఎవరూ లెక్క చేయరు, పిడికెడు మట్టితో మొక్క తెస్తే ఇంటిల్లిపాదీ ఎదురు వెళతారు. మొన్న చలికాలంలో పెదనాన్న అక్కడ చుట్టాల పెళ్ళికి వెళ్ళి నాయనమ్మ పుట్టిన ఊరి ముళ్ళ వంకాయ నారు తెచ్చాడు. రేవులో చూస్తే ఆపుతారని టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో తడిగుడ్డ చుట్టి పెట్టి, పై గిన్నెల్లో పులిహోర పెట్టాడట. ఆ కథ ఆయనే పదిసార్లు చెప్పి పదిసార్లు నవ్వాడు. ఆ వారమంతా మా ఇంటికి చుట్టాలే. వచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపకూడదని నాయనమ్మ తలా ఒక నారు కట్ట ఇచ్చింది. గురువమ్మ గారికి, అప్పయ్య తాతకు, అసిరయ్య గారికి, అత్తకు.

"నాయనమ్మా, కాళమ్మత్తకు కూడా నువ్వే ఇచ్చావా?"

"ఇయ్యనేటి? దానిదీ మన వైపే గదా. ఊరి వంగ అంటే కళ్ళకద్దుకోని తీసికెళ్ళింది." నాయనమ్మ బోసి నోటితో నవ్వింది. "ఎంత మంచి నారో తెల్సా? ఆకుల కింద పసుపుపచ్చగా, అచ్చం అక్షింతలు సల్లినట్టుండేది. మీ అమ్మ తుడిచీబోతే నానే వొద్దన్నాను. మా ఊరి అమ్మోరు దీవించి పంపించింది, తుడవకే అన్నాను."

"అవి గుడ్లు నాయనమ్మా."

"ఏటి?"

"పురుగు గుడ్లు. నువ్వు అందరికీ పంచింది అవే."

నాయనమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. "ఊరి నించి ఒచ్చినదాన్ని పురుగంటావా? నీ నోట్లో పుండు పుట్ట."

నాన్న వరండాలో యూనిఫాం విప్పుతూ అంతా విన్నాడు. ఆయన పేరు నాగబాబు, ప్రభుత్వ బస్సు నడుపుతాడు. రోజంతా హారన్ కొడతాడు కానీ ఇంట్లో మాట్లాడడు. నన్ను పక్కకు పిలిచాడు.

"మేడమ్ ఆదివారం వస్తుందా?"

"వస్తుంది."

"గాలికి వచ్చిందని చెప్పు. కాళమ్మ పేరు వద్దు, మన పేరూ వద్దు. అన్నయ్య పరువు పోతే మన పరువు కాదా?"

"మరి కాళమ్మత్త జాగా?"

"అది నేను మెల్లిగా అన్నయ్యతో మాట్లాడతాను."

"ఎప్పుడు నాన్నా? వాళ్ళు ఓడెక్కాకా?"

నాన్న నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నేను ఎప్పుడూ ఆయనకు ఎదురు చెప్పలేదు. ఆయన లుంగీ కట్టుకుని లోపలికి పోయాడు. ఆయన మెత్తదనం మీద కూడా నాకు కోపం వచ్చింది. పెదనాన్న తంతాడు, నాన్న తల వంచుకుంటాడు, మధ్యలో కాళమ్మత్త మొక్క పడిపోతుంది.

ఆదివారం టొప్పో మేడమ్ స్కూటీ మీద వచ్చింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను కానీ పెదనాన్న ముందు వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కుర్చీ వేయించి, కొబ్బరిబోండాం కొట్టించాడు. ఆమె హెల్మెట్టు తీసేలోపే హిందీలో మొదలుపెట్టాడు.

"మేడమ్, కష్టపడి వచ్చారు. ఇక్కడ ఏమీ వెతకక్కర్లేదు. సోర్స్ నేను చూపిస్తాను, రండి."

వీధి వీధంతా ఆయన వెనక నడిచింది. కాళమ్మత్త మళ్ళ దగ్గర ఆమె, అప్పలరాముడు మావయ్య, బేబీరాణి నిలబడి ఉన్నారు. పెదనాన్న ఆమె మొహం ముందు వేలు ఆడించాడు.

"ఇదిగో ఇక్కడ. వీళ్ళ మురికి వల్లే. ఈరోజే ఖాళీ చేయిస్తున్నాను."

మేడమ్ వంగి ఒక ఆకు తిప్పి చూసింది. తర్వాత జనంలో వెతికి నన్ను పట్టుకుంది. "సుష్మా, ఇళ్ళన్నీ చూసింది నువ్వు. అన్నిటికంటే ముందు ఎక్కడ వచ్చింది?"

అందరూ నా వైపు తిరిగారు. గురువమ్మ గారు, అప్పయ్య తాత, అసిరయ్య గారు. నాన్న వెనక వరసలో నేల చూస్తున్నాడు. అప్పుడు పెదనాన్న నవ్వి, నా నెత్తి మీద చెయ్యి వేశాడు.

"ఇది సిగ్గు పిల్ల మేడమ్. నోట్లో వేలు పెట్టినా కొరకదు. నేను చెప్తున్నా కదా."

ఆ చెయ్యిని తోసేశాను.

"మా ఇంట్లో," అన్నాను. నా గొంతు నాకే వింతగా, గట్టిగా వినిపించింది. "అన్నిటికంటే ముందు మా ఇంట్లో వచ్చింది. మా పెదనాన్న ఊరి నుంచి దొంగతనంగా తెచ్చిన వంగ నారుతో వచ్చింది. ఆకుల కింద గుడ్లు ఉన్నాయి. ఆ నారు ఎవరెవరికి ఇచ్చామో వాళ్ళ ఇళ్ళలోనే పురుగు ఉంది. గురువమ్మ గారూ, మీకు మేమే ఇచ్చాం. అప్పయ్య తాతా, మీకూ మేమే. కాళమ్మత్తకు కూడా. బిశ్వాస్ కాకుకు ఇవ్వలేదు, అందుకే ఆయన వంగ బతికింది."

మొదట తెలుగులో అన్నాను. మేడమ్‌కు అర్థం కాలేదేమోనని హిందీలో మళ్ళీ మొత్తం చెప్పాను. రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాను.

పెదనాన్న మొహం నల్లబడింది. "చుప్! ఎవరు నేర్పారే నీకిది? ఈ చేపలోళ్ళు నేర్పారా?"

"మీ పులిహోర కథ మీరే చెప్పారు కదా," అంది ఎవరో ముసలావిడ, అప్పలరాముడు మావయ్య వెనక నిలబడి. జనంలో నవ్వు పుట్టింది. పెదనాన్న చెయ్యెత్తాడు. నేను కదల్లేదు. ఆ చెయ్యి నా మీదికి రాకముందే నాన్న వచ్చి దాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మేడమ్ తగాదాలోకి దిగలేదు. నారు వెళ్ళిన ప్రతి ఇంట్లో, బిశ్వాస్ కాకు కంచె పక్కన కూడా, వంగ అంతా పీకి, సంచుల్లో మూట కట్టి, ఇక్కడే తగలబెట్టాలంది. ఒక్క ఇల్లు వదిలినా అందరి కష్టం వృథా. మందు కొడితే చిక్కుడు మీది మంచి పురుగులు కూడా చస్తాయి, కాబట్టి కొట్టొద్దు. మళ్ళీ చెప్పేవరకు ఎవరూ వంగ, టమాటా వేయొద్దు.

అంటే కాళమ్మత్త వంగ కూడా పోతుంది. ఇది నేను ఆలోచించలేదు. నిజం చెబితే ఆమె మొక్కలు బతుకుతాయని నాలో ఎక్కడో ఉంది. బేబీరాణి నన్ను చూసింది, నేను కళ్ళు దించుకోలేదు. దించుకుంటే ఏడ్చేసేదాన్ని.

కాళమ్మత్త చీర కుచ్చిళ్ళు పైకి దోపి మడిలోకి దిగి, మొదటి మొక్క పట్టుకుని పీకింది. తర్వాత రెండోది. కాయలతో, పూతతో ఉన్నవి. మావయ్య గోనెసంచి పట్టుకున్నాడు. గురువమ్మ గారు కాసేపు చూసి, చీపురు పట్టుకునే చేత్తోనే కొంగు బిగించి, "సరే, నా పుల్లలు కూడా పీకేస్తాను," అంటూ ఇంటికి నడిచింది.

పెదనాన్న చెప్పులు విడిచి మా గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "నా పెరట్లో చెయ్యి పెట్టనివ్వను. అది మా అమ్మ ఊరి మొక్క."

నేను ఆయన చంక కిందనుంచి దూరి లోపలికి పోయాను.

నాయనమ్మ వంగ మడి మధ్యలో పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒక మొక్కను రెండు చేతులతో చుట్టుకుంది. ఆ మొక్కకు ఆకుల్లేవు, కొనన ఒక చిన్న కాయ ఉంది.

"లే నాయనమ్మా."

"నాకు ఆ ఊరిది ఇదొక్కటే మిగిలిందే."

"కాళమ్మత్తకు ఏం మిగిలింది? తను కాయలతో ఉన్నవి పీకేస్తోంది. నువ్వు పుల్లని పట్టుకుని ఏడుస్తున్నావు. మీ ఊరి నుంచి వచ్చింది కదా అని కళ్ళకద్దుకుని వేసుకుంది తను. నీ కొడుకు చెప్పు కాలితో తన్నాడు."

నాయనమ్మ కళ్ళ నిండా నీళ్ళున్నాయి. అయినా నేను ఆగలేదు. చుట్టూ ఉన్న మొక్కలు పీకడం మొదలుపెట్టాను. ముచ్చికల ముళ్ళు అరచేతుల్లో దిగాయి. వెనక నుంచి పెదనాన్న అరుస్తున్నాడు, నేను ఆ ఇంటి పిల్లను కానని, నాకు ఆ గుమ్మంలో అన్నం లేదని. అరవనీ అనుకున్నాను. ఒక్కో మొక్క ఊడినప్పుడు వచ్చే చప్పుడు నాకు హాయిగా ఉంది.

చివరికి నాయనమ్మ మొక్క ఒక్కటే మిగిలింది. ఆమె చేతులు వదిలేసింది. నేను పీకేవరకు చూసి, "నా కళ్ళెదురుగా ఉండకు, పో," అంది.

అప్పటికే గేటు దగ్గర కాళమ్మత్త నిలబడి ఉంది. మోచేతుల దాకా మట్టి. ఆమె వెనక వీధి వీధంతా ఉంది.

"గణేశ్వరరావు బాబూ, ఆదివారానికి కాళీ సెయ్యమన్నారు. సేసీసేను. ఆ మట్టిలో బెండ ఎయ్యమంటారా, పొమ్మంటారా? ఇందరి ముందర సెప్పండి."

పెదనాన్న నోరు తెరిచాడు. ఆయన మాట బయటికి రాకముందే మడిలోంచి నాయనమ్మ గొంతు వచ్చింది.

"జాగా కాయితం నా పేరున ఉంది. ఆడ్నేటి అడుగుతావు? బెండెయ్యి, కాళమ్మా. ఆనప కూడా పెట్టు."

పెదనాన్న చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు. పదిమంది ఆయనకు దారి ఇచ్చారు, ఒక్కరూ వెంట వెళ్ళలేదు.

మంట సాయంత్రం దాకా మండింది. బేబీరాణి నా పక్కకు వచ్చి నిలబడింది. థాంక్స్ చెప్పలేదు. "ఈ వానకాలం బెండకాయలే తినాలి మాం. నాకు బెండకాయంటే అసయ్యం," అంది. నా అరచెయ్యి లాక్కుని ముళ్ళు తీయసాగింది, కావాలనే గట్టిగా.

పెదనాన్న అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. నాయనమ్మ కూడా. అన్నం కంచం నా ముందు చప్పుడయ్యేలా పెడుతుంది. నా కోపం కూడా తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

మంట వేసిన మర్నాడు బడి మానేసి నాన్న బస్సులోనే మిడిల్ పాయింట్ వెళ్ళాను. పద్మిని అత్త తలుపు తీసింది, పలకరించింది, టీ పెడతానంది. నేను తిన్నగా టెర్రస్ ఎక్కి కుండీలు ఖాళీ చేసి సంచి మూతి బిగించాను. అత్త కొంగుతో మొహం తుడుచుకుంటూ వెనకే వచ్చి నిలబడింది.

"ఇంకెవరికైనా ఇచ్చావా అత్తా?"

"కోపం చేసుకోకే. పక్క బిల్డింగులో దీదీ అడిగితే రెండు మొక్కలిచ్చాను. వాళ్ళ తమ్ముడు హావ్‌లాక్‌ దీవిలో ఉంటాడు, అతనికి కూడా కావాలంటే..."

"అతను తీసుకెళ్ళాడా?"

అత్త ఖాళీ కుండీలు ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది.

సంచి భుజాన వేసుకుని కిందికి దిగాను. పక్క బిల్డింగు గేటు దగ్గర నాకు తెలియని మనుషులు, తెలియని పేర్ల బోర్డు. మొదటి అంతస్తు ఎక్కి, కనిపించిన తలుపు బెల్లు నొక్కాను. లోపలినుంచి ఎవరో "కౌన్ హై?" అన్నారు.

"మీ ఇంట్లో వంగ మొక్కలున్నాయా?" అన్నాను హిందీలో, తలుపు అవతలికి వినిపించేంత గట్టిగా.